హారం పురాణానిది, లవం ఆకాశానిది

మొన్న భోజనాల దగ్గర మా టీమ్ లో ఒకాయన ఫోన్లో వచ్చిన ఫార్వర్డ్ ఒకటి చదివి వినిపించాడు. బ్రహ్మకి ఒక పగలంటే 432 కోట్ల ఏళ్ళట. సైంటిస్టులు భూమి వయసు 454 కోట్ల ఏళ్ళంటున్నారట. కాబట్టి మనవాళ్ళు ఎప్పుడో చెప్పేశారన్నమాట. అక్కడితో ఆగితే నా పెరుగన్నం నేను తినేసి లేచేవాణ్ణే. "అసలు పిల్లలకి సైన్సు పాఠం మన సృష్టి కథతోనే మొదలుపెట్టాలి బాసూ. పునాది అక్కడుంది. మిగతాదంతా దాని మీద కట్టుకుంటూ పోవచ్చు" అన్నాడు. బల్ల చుట్టూ ఆరుగురు ఇంజనీర్లం. ఆయన కాక మిగిలిన అయిదుగురిలో నలుగురు తలలూపారు. నేను ఊపలేదు గానీ, ఎదురు చెప్పనూ లేదు. చెప్పడానికి నా దగ్గర సరుకు లేదు మరి.

తర్వాత రెండు మూడు వారాంతాలు కూర్చుని ఆ సరుకు పోగుచేశాను. వెతుకుతున్నది "పురాణాల్లో సైన్సు ఉందా లేదా" అని కాదు. ఆ వాదన ఎప్పటికీ తెగదు. నాకు కావలసింది చరిత్ర. మన దేశంలో నిజంగా సైన్సు చేసిన వాళ్ళున్నారు కదా... ఆర్యభటుడు, బ్రహ్మగుప్తుడు, సూర్యసిద్ధాంతం రాసినవాళ్ళు. సృష్టి కథని వాళ్ళు పునాదిగా వాడుకున్నారా? వాడుకుంటే ఎలా?

ముందు ఆ 432 కోట్ల సంగతి తేల్చుకుందాం. అది ఒక కల్పం మొత్తం నిడివి. సృష్టి జరిగి ఎన్నేళ్ళయిందో చెప్పే అంకె కాదది. ఆ అంకె వేరే ఉంది. పూజలో సంకల్పం చెప్పుకునేటప్పుడు శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం, ప్రథమ పాదం అంటూ ఒక అడ్రసు చెప్తాం కదండీ, లెక్కంతా అందులోనే ఉంది. ఆరు మన్వంతరాలు గడిచిపోయాయి. ఒక్కోటి 71 మహాయుగాలు. మధ్యలో సంధులున్నాయి. ఏడో మన్వంతరంలో 27 మహాయుగాలు పూర్తయ్యాయి. 28వ దాంట్లో కృత, త్రేతా, ద్వాపరాలు అయిపోయాయి. అన్నీ కూడితే కలియుగం మొదలయ్యేసరికి 456.7 మహాయుగాలు. మహాయుగానికి 43,20,000 ఏళ్ళు. గుణిస్తే 197 కోట్ల 29 లక్షల 44 వేల ఏళ్ళు. దానికి కలియుగంలో గడిచిన ఐదువేల చిల్లర కలుపుకోండి.

అంటే, పంచాంగం లెక్కనే నమ్ముకున్నా ఈ కల్పం వయసు 197 కోట్ల ఏళ్ళు. భూమి వయసు 454 కోట్లు. సగం కూడా లేదు. 432కీ 454కీ పోలిక పెట్టడమంటే, ఒక మనిషి నిండు ఆయుష్షుని ఇంకో మనిషి ప్రస్తుత వయసుతో పోల్చడం లాంటిది.

అన్నట్టు, ఈ ఫార్వర్డుల్లో కార్ల్ సాగన్ పేరు తప్పకుండా ఉంటుంది. 1980లో వచ్చిన కాస్మోస్ సీరియల్లో, ఆధునిక విశ్వశాస్త్రం చెప్పే కాలానికి సరితూగే కాలమానం హిందూమతంలోనే ఉందని ఆయన అన్నమాట నిజమే. అదే వాక్యంలో, అది నిస్సందేహంగా కాకతాళీయమేనని కూడా అన్నాడు. ఫార్వర్డుల్లో ఆ ముక్క మాత్రం ఎగిరిపోతుంది.

మరి ఆ 432 ఎలా వచ్చింది? మనుస్మృతిలో నాలుగు యుగాలూ కలిపి 12,000 ఏళ్ళు. అవి దేవతల ఏళ్ళనుకుని 360తో గుణిస్తే 43,20,000. మళ్ళీ వెయ్యితో గుణిస్తే 432 కోట్లు. 12,000, 360, 1000... అన్నీ గుండ్రటి అంకెలే. రాయినో నక్షత్రాన్నో కొలిచిన జాడ ఎక్కడా లేదు. ఇంకో తమాషా ఏమిటంటే, క్రీ.పూ. మూడో శతాబ్దంలో బెరోసస్ అనే బాబిలోనియా పూజారి కూడా, జలప్రళయానికి ముందు పదిమంది రాజులు కలిపి 4,32,000 ఏళ్ళు ఏలారని రాశాడు. మన కలియుగం నిడివి కూడా సరిగ్గా అంతే. అరవైల లెక్కలో అది చక్కని అంకె: 60×60×60×2. ఎవరి దగ్గర ఎవరు తీసుకున్నారన్న గొడవ మనకిప్పుడు అక్కర్లేదు.

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. క్రీ.శ. 499లో, 23 ఏళ్ళ వయసులో, ఆర్యభటుడికి ఒక సమస్య ఉంది. చంద్రుడు ఒక చుట్టు తిరగడానికి 27 రోజుల పైచిలుకు పడుతుంది. ఆ పైచిలుకే చిక్కంతా. భిన్నం పెట్టుకుని వేల ఏళ్ళ లెక్క కడితే చిన్న తప్పు పెరిగి పెరిగి కొండంతవుతుంది. మనం డబ్బు లెక్కలు ప్రోగ్రాంలో రాసేటప్పుడు ఏం చేస్తాం? రూపాయల్ని ఫ్లోటింగ్ పాయింట్లో పెట్టం. పైసల్లోకి మార్చి పూర్ణాంకాలుగా పెట్టుకుంటాం. ఆయన కూడా అదే చేశాడు. "43,20,000 ఏళ్ళలో చంద్రుడు 5,77,53,336 చుట్లు తిరుగుతాడు. ఆ కాలంలో రోజులు 157,79,17,500" అని చెప్పాడు. రెండూ పూర్ణాంకాలే. రోజుల్ని చుట్లతో భాగించి చూడండి, 27.32167 వస్తుంది. ఇవాళ్టి కొలత 27.32166.

ఇందులో 43,20,000 అనే అంకె పురాణం ఇచ్చింది. 5,77,53,336 ఎవరిచ్చారు? ఏ పురాణంలోని సృష్టి కథ విప్పి చూసినా ఆ అంకె పుట్టదు. అది ఆకాశాన్ని తరతరాలుగా చూస్తే వచ్చింది. గ్రీకుల దగ్గర నేర్చుకున్నదీ కొంత కలిసింది. హారం పురాణానిది, లవం ఆకాశానిది. హారం మార్చి ఇంకో పెద్ద అంకె పెట్టుకున్నా లవం దానికి తగ్గట్టు మారుతుంది తప్ప చంద్రుడికి పట్టే రోజులు మారవు. మన కంప్యూటర్లలో కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడతాం. అంతమాత్రాన ప్రపంచం 1970లో పుట్టిందని ఎవరూ అనరు కదా!

ఇంతకీ ఆ హారాన్నయినా ఉన్నదున్నట్టు ఉంచారా అంటే, అదీ లేదు. యుగాలు 4:3:2:1 నిష్పత్తిలో ఉంటాయని స్మృతి చెప్తుంది. కృతయుగం 17,28,000 ఏళ్ళు, కలి 4,32,000. ఆర్యభటుడు దాన్ని పక్కన పెట్టి, నాలుగు పాదాలూ సమానం, ఒక్కోటి 10,80,000 అన్నాడు. మన్వంతరానికి 71 కాదు, 72 మహాయుగాలన్నాడు. దాంతో ఆయన కల్పం 1000 బదులు 1008 మహాయుగాలైంది, అంటే 435 కోట్ల 45 లక్షల 60 వేల ఏళ్ళు. ఎందుకిలా? కలియుగం మొదట్లో గ్రహాల మధ్యమ స్థానాలన్నీ ఒకే బిందువు దగ్గర ఉండాలని ఆయన లెక్కకి అవసరం. మహాయుగంలో మూడు పాదాలు గడిచాక కలి వస్తుంది కాబట్టి, ప్రతి గ్రహం చుట్ల సంఖ్యా 4తో భాగింపబడితే చాలు. గురుడు 3,64,224, శని 1,46,564, కుజుడు 22,96,824. కాలిక్యులేటర్లో వేసి చూడండి, అన్నీ 4తో పోతాయి. స్మృతి నిష్పత్తే ఉంచితే కలి ముందు గడిచేది పదింట తొమ్మిది వంతులు. అప్పుడు ఈ అంకెలు ఒక్కటీ కుదరవు. కథా, లెక్కా కలవనప్పుడు కథనే దిద్దాడు.

129 ఏళ్ళ తర్వాత, 628లో, బ్రహ్మగుప్తుడు దీనికే ఆయన్ని గట్టిగా తిట్టాడు. స్మృతికి విరుద్ధంగా యుగాలు మారుస్తావా అని. తను మాత్రం స్మృతి అంకెల్ని కదపకుండా, చుట్ల లెక్కని ఒక్క మహాయుగానికి కాక కల్పం మొత్తానికి సాగదీసి సర్దుకున్నాడు.

సూర్యసిద్ధాంతం వాళ్ళ ఉపాయం నాకు అన్నిటికన్నా నచ్చింది. అది మనకి పరాయి పుస్తకం కాదు. 1178లో మల్లికార్జున సూరి దానికి తెలుగులోనూ వ్యాఖ్య రాశాడు. అది స్మృతి నిష్పత్తిని మార్చదు, 1000 మహాయుగాల్నీ మార్చదు. మరి గ్రహాలు కలవాలి కదా? అందుకని ఒక చిన్న వాక్యం చేర్చారు. కల్పం మొదలవగానే గ్రహాలు తిరగలేదు, బ్రహ్మకి సృష్టి చెయ్యడానికే 47,400 దివ్య సంవత్సరాలు పట్టింది, అని. దాన్ని 360తో గుణిస్తే 1,70,64,000 మామూలు ఏళ్ళు.

ఇదెక్కడి అంకె అని బుర్ర గోక్కున్నాను. ఆ ఏళ్ళని మహాయుగాల్లోకి మార్చితే గుట్టు బయటపడింది. సరిగ్గా 3.95 మహాయుగాలు. ఇందాకటి 456.7 లోంచి 3.95 తీసేయండి. 452.75! దశాంశంలో .7 పోయి .75 వచ్చింది. ఇప్పుడు మళ్ళీ 4తో భాగింపబడితే చాలు. సూర్యసిద్ధాంతంలో చుట్లు చూడండి: గురుడు 3,64,220, శని 1,46,568, కుజుడు 22,96,832. అన్నీ 4తో పోతాయి. అంటే బ్రహ్మగారు సృష్టికి ఎన్నేళ్ళు తీసుకోవాలో నిర్ణయించింది గ్రహాల పట్టిక. ప్రొడక్షన్లో రిపోర్టు టాలీ కాకపోతే మనం అర్ధరాత్రి పెట్టే ప్యాచ్ లాంటిదే ఇది. కాకపోతే వాళ్ళు శ్లోకంలో పెట్టారు.

నేను వెటకారం చెయ్యట్లేదు. ఆ ప్యాచ్ రాసినవాడికి ఆకాశం ఏం చెప్తోందో తెలుసు. దాన్ని వదులుకోదలచుకోలేదు. అదే గ్రంథం మొదట్లో, శాస్త్రం పాతదే గానీ యుగాలు తిరిగేకొద్దీ కాలంలో తేడా వస్తుందని చెప్పి, దిద్దుబాటుకి తలుపు తెరిచి ఉంచింది కూడా.

ఆ తలుపు మూసేస్తే ఏమవుతుందో గ్రహణాల గొడవలో కనిపిస్తుంది. చంద్రగ్రహణానికి భూమి నీడ, సూర్యగ్రహణానికి చంద్రుడు అడ్డురావడం కారణమని ఆర్యభటుడు చెప్పాడు, వరాహమిహిరుడూ చెప్పాడు. బ్రహ్మగుప్తుడు ఒకచోట, రాహువు కారణం కాదనేవాళ్ళు వేదానికీ స్మృతికీ విరుద్ధంగా మాట్లాడుతున్నారంటాడు. అదే పుస్తకంలో గ్రహణం ఎప్పుడు పడుతుందో లెక్కకట్టేటప్పుడు మాత్రం చంద్రబింబం వ్యాసం, భూఛాయ వ్యాసం వాడతాడు. రాహువు లెక్కలోకే రాడు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. 1030 ప్రాంతంలో ఇది చదివిన అల్‌ బిరూని నివ్వెరపోయాడు. ఇంత గొప్ప గణితజ్ఞుడు తనకి తెలిసి తెలిసి ఇలా ఎందుకు రాశాడు, సోక్రటీసుకి పట్టిన గతి తనకీ పడుతుందని భయపడ్డాడేమో అని అనుమానించాడు. 1150లో భాస్కరాచార్యుడు మధ్యేమార్గం చెప్పాడు: బ్రహ్మ ఇచ్చిన వరం వల్ల రాహువు ఆ నీడలోకే ప్రవేశిస్తాడట. లెక్క లెక్కే, రాహువు రాహువే. మన భాషలో చెప్పాలంటే బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ.

భూభ్రమణానికి ఆ పాటి అదృష్టం కూడా పట్టలేదు. భూమి తన చుట్టూ తను తిరుగుతుందనీ, పడవలో పోయేవాడికి ఒడ్డు వెనక్కి పోతున్నట్టు మనకి నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు కనిపిస్తాయనీ ఆర్యభటుడు రాశాడు. తర్వాతివాళ్ళు కొందరు ఆయన శ్లోకంలో "భూః" అన్న మాటని "భం" అని మార్చేశారు. భూమి బదులు నక్షత్రమండలం తిరుగుతున్నట్టు అర్థం మారిపోయింది. ఒక్క అక్షరం! "భూః" అనే పాఠం ఉండేదని మనకెలా తెలుసంటే, బ్రహ్మగుప్తుడు ఆయన్ని ఖండిస్తూ ఆ మాటనే ఎత్తి చూపించాడు కాబట్టి.

"సరే గానీ, యూరప్ వాళ్ళ కథ కంటే మనది నయం కదా, వాళ్ళ బైబిలు ఆరువేల ఏళ్ళ దగ్గరే ఆగిపోయింది" అని మా టీమ్ ఆయన అనొచ్చు. నిజమే. 1650లో ఆర్చిబిషప్ అషర్ సృష్టి జరిగింది క్రీ.పూ. 4004 అక్టోబరులో అని తేల్చాడు. మన అంకె ముందు అది సముద్రం ముందు చెంబు. కానీ రాళ్ళ పొరల్లో కింది పొర పాతది, పై పొర కొత్తది అన్న సూత్రాన్ని 1669లో రాసిన స్టెనో ఆ చెంబులోని వాడే. తర్వాత బిషప్ కూడా అయ్యాడు. చిన్న అంకె ఉన్నంత మాత్రాన అక్కడ భూగర్భశాస్త్రం ఆగలేదు, పెద్ద అంకె ఉన్నంత మాత్రాన ఇక్కడ పుట్టలేదు.

అక్కడ సృష్టి కథని పునాదిగా పెట్టి నిజాయితీగా ప్రయత్నించినవాళ్ళూ ఉన్నారు. కేంబ్రిడ్జి ప్రొఫెసరు ఆడమ్ సెడ్జ్‌విక్ స్వయంగా మతాచార్యుడు. దేశమంతా పరుచుకున్న గులకరాళ్ళ మేటలు నోవహు జలప్రళయం మిగిల్చినవే అని నమ్మి పనిచేశాడు. చూడగా చూడగా అవన్నీ ఒకే కాలానివి కావని తేలింది. 1831లో లండన్ జియొలాజికల్ సొసైటీ అధ్యక్షస్థానం నుంచే, నేను పొరబడ్డాను అని అందరి ముందూ ఒప్పుకున్నాడు. దేవుడి మీద నమ్మకం వదులుకోలేదు. పునాదిగా మాత్రం ఆ కథని వదులుకున్నాడు.

సైన్సు తప్పు చెప్పదని కాదు. 1862లో కెల్విన్ భూమి వయసు 2 నుంచి 40 కోట్ల ఏళ్ళ మధ్య ఉంటుందన్నాడు. అది పురాణం కాదు, శుద్ధమైన ఫిజిక్సు. అయినా తప్పే. రేడియోధార్మికత సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. తెలిశాక దిద్దుకున్నారు. 1956లో క్లేర్ ప్యాటర్సన్ ఉల్కల్లోని సీసం ఐసోటోపులు కొలిచి 455 కోట్లని తేల్చాడు. 455 అన్న అంకె కంటే, కెల్విన్ అంతటివాడి మాటని కొట్టెయ్యడానికి దారి ఉండటం ముఖ్యం. పునాది అంటూ ఏదైనా ఉంటే, అదీ.

ఆ దారి మన దగ్గరా ఉండేది. కేరళలో నీలా నది ఒడ్డున పరమేశ్వరుడు 55 ఏళ్ళపాటు గ్రహణాలు చూసి, పాత లెక్కకీ కంటికి కనబడేదానికీ తేడా ఉందని గమనించి, 1431లో దృగ్గణితం రాశాడు. పేరులోనే ఉంది, కంటికి కనబడేదానితో సరిపోయే గణితం. ఆ పరంపరలోని నీలకంఠ సోమయాజి జ్యోతిర్మీమాంసలో ఇంకా సూటిగా చెప్పాడు. సిద్ధాంతాలు కాలం గడిచేకొద్దీ తప్పుతాయి, చూసి సరిచేసుకోవాలి అని. బ్రహ్మ అనుగ్రహం అంటే ఏమిటో కూడా వివరించాడు. బ్రహ్మ దిగొచ్చి ఆర్యభటుడికి అంకెలు చెప్పడు, బుద్ధి తేటపడటమే అనుగ్రహమట. సోమయాగం చేసిన నైష్ఠికుడి మాట ఇది.

చూసి సరిచేసుకోకపోతే ఏమవుతుందో తెలియాలంటే మన పండగలే సాక్ష్యం. సంక్రాంతిని ఉత్తరాయణ పుణ్యకాలం అంటాం. సూర్యుడు నిజంగా ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మనం స్నానం చేసేది జనవరి 14న, లేదా 15న. అయనచలనం సంగతి సూర్యసిద్ధాంతంలోనే ఉన్నా, పుణ్యకాలం తేదీని దిద్దుకోలేదు. 1952లో వేసిన క్యాలెండర్ సంస్కరణ సంఘం ఈ 23 రోజుల తేడాని లెక్కతో సహా చూపించింది. ఇప్పటికీ పూర్వ సిద్ధాంతం, దృక్ సిద్ధాంతం అని రెండు రకాల పంచాంగాలు, అప్పుడప్పుడూ ఒకే పండగ రెండు రోజులు.

ఆ సంఘానికి అధ్యక్షుడు మేఘనాథ్ సాహా. నక్షత్రాల కాంతిని చదవడానికి పనికొచ్చే అయనీకరణ సమీకరణాన్ని 1920లో ఇచ్చినవాడు. ఢాకాలో ఒక వృద్ధ లాయరు ఆయన్ని కనిపెట్టిందేమిటని అడిగాడట. సాహా ఉత్సాహంగా వివరించాడు. అంతా విని ఆ పెద్దాయన, ఇందులో కొత్తేముంది, ఇదంతా వేదాల్లో ఉన్నదే అన్నాడట. ఏ భాగంలో ఉందో చెప్తారా అని సాహా అడిగితే, తను వేదం చదవలేదనీ, కానీ ఉండే ఉంటుందనీ జవాబు. ఈ సంగతి సాహాయే స్వయంగా రాసుకున్నాడు.

మా టీమ్ ఆయనకి ఇప్పుడు నేను చెప్పగలిగేది ఇదే. సృష్టి కథని పిల్లలకి చెప్పొద్దని నేననను. నేనూ విన్నాను, సంకల్పం నేనూ చెప్తాను, చెప్తూనే ఉంటాను. కోట్ల ఏళ్ళని తలుచుకున్నా భయపడకుండా ఉండే ధైర్యం ఆ కథ ఇచ్చింది. లెక్కలకి ఒక హారం కూడా ఇచ్చింది. కానీ సైన్సు పాఠం అక్కడ మొదలుపెడితే మనం అన్యాయం చేసేది ఎవరికో తెలుసా? నాసా వాళ్ళకి కాదు. ఋషులకి దివ్యదృష్టితో అన్నీ ముందే తెలిసిపోయాయంటే, 23 ఏళ్ళకే యుగాల్ని తిరగరాసిన కుర్రాడు ఏం చేసినట్టు? 55 ఏళ్ళు గ్రహణాల కోసం కాపుకాసిన పరమేశ్వరుడు ఎందుకు కాసినట్టు? పాఠం మొదలుపెట్టాలనుంటే ఆ 5,77,53,336 దగ్గర మొదలుపెట్టమనండి. ఈ అంకె ఎలా వచ్చిందిరా అని పిల్లల్ని అడగమనండి. పదిమందిలో ఒక్కడైనా ఆ రాత్రి డాబా ఎక్కి చంద్రుడు ఏ నక్షత్రం దగ్గరున్నాడో చూసి రాసుకుంటాడు. వచ్చే నెల మళ్ళీ ఎక్కుతాడు.